కానుపయ్యాక కిటికీలు

1961 జూన్ 4, ఆదివారం

గుడి నుంచి రాగానే కరుణ తూర్పు గదిలో కిటికీ తెరవబోయింది. రెక్క ఊడి చేతికే వచ్చింది. బందు బాగానే ఉంది, అది పట్టుకున్న చెక్కే పొడైపోయింది. "ఇంక ఇది మన మాట వినదండీ" అని నవ్వి రెక్కను గోడకు ఆనించింది. ఐదో నెల మనిషివి, అంత బరువు ఎందుకు పట్టుకున్నావని కేకలేశాను. తర్వాత అనవసరంగా అరిచానే అనిపించింది. ఆ మాట ఆమెతో అనలేదు.

నాన్న కట్టించిన పెంకుటిల్లు. తూర్పు వైపు మూడు కిటికీలు. మధ్యలో సరుగుడు తోపు ఉంది కనుక సముద్రం కనపడదు గానీ, ఉప్పుగాలి తోపు దాటి వచ్చి ఊచల్నీ చట్రాల్నీ తినేసింది. ఈ వేసవి సెలవుల్లో మార్పించాలనుకున్నాం. సెలవులు అయిపోయాయి.

జూన్ 7

వడ్రంగి చెంగయ్య వచ్చి చూశాడు. చట్రంలోకి ఉలి దించితే పిడి దాకా దిగింది.

"ఇది కొయ్య కాదు అయ్యోరా, నానిన రొట్టె. మూడూ పెరికేసి కొత్తవి ఎత్తాల్సిందే. తూరుపు వానలు పట్టుకునే లోపల అయిపోవాల."

సరే అన్నాను. అతను పెరట్లో బట్టలు ఆరేస్తున్న కరుణను చూసి గొంతు తగ్గించాడు.

"అమ్మ నీళ్ళోసుకోనుండాదా? మావోళ్ళయితే కడుపుతో ఉండే మనిషి ఇంట్లో ఉంటే దారబందం గానీ కిటికీ గానీ కదిలించరు. గోడకు గడ్డపార తగిలితే కడుపుకు తగిలినట్టే అంటారు. మీరు కిరస్తానమోళ్ళు, మీకియ్యన్నీ లేవు గదా. ఎప్పుడు రమ్మంటే అప్పుడొస్తా."

"మాకు లేవు" అన్నాను. గట్టిగానే అన్నాను.

జూన్ 8

చెక్క బాగా ఆరాలి. పచ్చిచెక్కతో చేస్తే రెక్కలు వంకర తిరుగుతాయి. కనుక ఒక నెల ఆగడం మంచిది. ఇది చెంగయ్య చెప్పింది కాదు, నాకు తెలిసిందే.

జూన్ 18, ఆదివారం

ఆరాధన అయ్యాక సంఘం పెద్దలం కూర్చున్నాం. మా సంఘంలోని క్రీస్తురాజు సంగతి. కొత్త ఇంటికి వాకిలి ఎత్తడానికి పురోహితుడి దగ్గరికి పోయి మంచిరోజు అడిగాడట. మా పాస్టరు పరంజ్యోతి అయ్యగారు మెత్తని మనిషి, మందలించి వదిలేద్దామన్నారు. నేను లేచాను. బడిపంతులు గొంతు కదా, నలుగురి మధ్య లేస్తే దానంతటదే పెరుగుతుంది. ప్రభువును నమ్మినవాడికి మంచిరోజేమిటి, చెడ్డరోజేమిటి, మనమే ఇలా చేస్తే ఊళ్ళోవాళ్ళు మన మాట ఎందుకు వింటారు అన్నాను. చివరకు మూడు నెలలు ప్రభువు బల్లకు దూరంగా ఉంచాలని తీర్మానమైంది. అందరూ రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటుంటే అతను వెనక బెంచీలో చేతులు కట్టుకుని కూర్చోవాలి.

క్రీస్తురాజు ఎదురు చెప్పలేదు. గుడి మెట్ల దగ్గర మాత్రం నన్ను ఆపాడు.

"కృపాదానం అన్నా, మా ఇంటిదాని పోరు పడలేక అడిగినా. తప్పే. మీ ఇంట్లో అట్టాంటి భయం ఎప్పుడూ పుట్టలేదా?"

"పుట్టలేదు" అన్నాను.

ఇంటి వాకిట్లోకి వచ్చాక కరుణ, "కొంచెం తగ్గించి అనుండొచ్చు" అంది. ఆమెది జాలిగుండె.

జూన్ 20

చెక్క దిగింది. వసారాలో పేర్పించాను. బాగా ఆరిన చెక్కే.

జూలై 9, ఆదివారం

ఈ ఇంట్లో ఇద్దరు పోయారు. మొదటిది నెలలు నిండకముందే పోయింది. రెండోవాడు నిండుగా పుట్టాడు, కానీ ఏడవలేదు. ఎస్తేరమ్మ వీపు మీద చరిచింది, చన్నీళ్ళు చల్లింది, నోట్లో గాలి ఊదింది. అయినా ఏడవలేదు.

ఆ యేడే వంటింటికి పెరటి వాకిలి కొట్టించాం. అప్పుడు కరుణకు ఏడో నెల. పక్కింటి ఆదిశేషమ్మ గోడ మీదుగా చూసి, "ఇప్పుడెందుకు నాయనా ఈ పని, కానుపు కానీకూడదా" అంది. నేను నవ్వాను. పని ఆపలేదు.

ఇది రాద్దామని కూర్చోలేదు. బొడ్డుతాడు మెడకు చుట్టుకోవడం వల్ల వాడు పోయాడని ఎస్తేరమ్మ చెప్పింది. ఆమె నెల్లూరు పెద్దాసుపత్రిలో పని నేర్చుకున్న మంత్రసాని, ఆమెకు తెలుసు. వాకిలికీ బొడ్డుతాడుకూ సంబంధం లేదు.

జూలై 10

సంబంధం లేదు.

ఆగస్టు 6, ఆదివారం

కిటికీలు ఎప్పుడు మార్చాలన్నది ఇవాళ నేనే ఎత్తాను. బళ్ళో ఇన్‌స్పెక్షన్ ఉంది, అది అయ్యాక చూద్దాం అన్నాను. "అవునవును, తొందరేముంది" అంది కరుణ. వాదిస్తుందనుకుని నాలుగు కారణాలు సిద్ధం చేసుకున్నాను, ఒక్కటీ ఖర్చు కాలేదు. ఓర్పు గల మనిషి.

బిడ్డ కదులుతోందని నా చెయ్యి తీసుకుని కడుపు మీద పెట్టుకుంది. కాలో చెయ్యో తగిలింది. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయాను. ఈసారి దక్కాలి. నాకు ఇంకేమీ అక్కర్లేదు, ఈ ఒక్క బిడ్డ దక్కితే చాలు.

ఆగస్టు 19

ఇన్‌స్పెక్షన్ అయిపోయింది.

ఆగస్టు 27, ఆదివారం

నిన్న సాయంత్రం జల్లు కొట్టి తూర్పు గదిలో మంచం, పరుపు తడిశాయి. కిటికీలకు గోనెపట్టలు కట్టాం. ఇవాళ పరంజ్యోతి అయ్యగారు వచ్చి ఆ గోనెపట్టలు చూశారు, వసారాలో చెక్క చూశారు.

"సరుకంతా తెచ్చిపెట్టుకుని ఆపేశావేమయ్యా?"

"చెంగయ్యకు తీరిక లేదండీ."

"చెంగయ్య మా ఇంటి ముందు నుంచి రోజూ ఊరికే పోతా ఉంటాడే" అన్నారు. ఆయన అన్నది మామూలుగానే. ఆయన వెంట వచ్చినవాళ్ళలో క్రీస్తురాజు తమ్ముడు ఉన్నాడు. అతను కరుణ కడుపు వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. ఒళ్ళు మండిపోయింది.

"వచ్చే సోమవారం పని మొదలవుతుందండీ" అన్నాను.

ఆగస్టు 29

సోమవారం రమ్మని చెప్పడానికే చెంగయ్య ఇంటికి వెళ్ళాను. దారి పొడుగునా ఆ మాటే అనుకుంటూ వెళ్ళాను. అతను నాగలి చెక్కుతున్నాడు.

"కిటికీల సంగతి చెంగయ్యా. కానుపయ్యాక చూద్దాం" అన్నాను.

"అట్టనే అయ్యోరా" అన్నాడు. చేతిలో పని ఆపలేదు, నవ్వనూ లేదు. నవ్వి ఉంటే కోప్పడి సోమవారమే రమ్మనేవాణ్ణి.

"ఇంట్లో చెప్పొద్దు. ఎవరికీ చెప్పొద్దు."

"నేనెందుకు చెప్తా."

వడ్రంగం అంటే దుమ్ము, చప్పుడు. ఏడు నెలలు నిండిన మనిషికి దుమ్ము మంచిది కాదు. ఎవరడిగినా ఇదే చెప్పొచ్చు. మూఢనమ్మకం ఇందులో ఏముంది? కానీ అడిగినవాళ్ళకు ఇది చెప్పలేదు.

ఇంటికొచ్చి, సోమవారం చెంగయ్య వస్తున్నాడని కరుణకు చెప్పాను. అయ్యగారి ముందు అన్న మాట కదా, ఆమె ముందు మార్చలేను. ఆమె ముఖం చిన్నబోయింది. "సోమవారమేనా?" అంది. "సోమవారమే" అన్నాను.

సెప్టెంబరు 4, సోమవారం

చెంగయ్య రాలేదు. బడికి వెళ్ళేముందు వసారాలో నిలబడి దారి వైపు చూసి, ఈ ఆచార్ల మాట నమ్మితే అంతే అని విసుక్కున్నాను. కరుణ మజ్జిగ తెచ్చిచ్చి, "పోనీలెండి, ఆయనకేం అవసరం పడిందో" అంది. చెంగయ్య మీద ఆమెకు కోపమే లేదు. నేను ఇంకో రెండు మాటలు తిట్టి మజ్జిగ తాగాను.

సెప్టెంబరు 24, ఆదివారం

అయ్యగారు మళ్ళీ అడిగారు. చెంగయ్య రాలేదండీ అన్నాను. అందులో అబద్ధం లేదు.

క్రీస్తురాజును ఇవాళ మళ్ళీ బల్లకు చేర్చుకున్నారు. రొట్టె పళ్ళెం పట్టుకుని అతని ముందు నిలబడాల్సింది నేనే. అతను ఒక ముక్క తీసుకున్నాడు.

అక్టోబరు 15, ఆదివారం

తూర్పు గాలి మొదలైంది. మధ్య కిటికీ చట్రం గోడను వదిలి లోపలికి ఒరిగింది. మేకులు కొడితే కుళ్ళిన చట్రం చీలిపోతుంది. అందుకని కొబ్బరితాడు ఊచలకు కట్టి ఎదురుగోడ కొక్కేనికి బిగించాను. తాడు చివర కరుణ పట్టుకుంది. పక్కింట్లో సుత్తి అడిగి తెచ్చుకోరాదా అని ఆమె అడగలేదు. నిండు చూలాలు తాడు పట్టుకుని నిలబడి ఉంటే నాకు సిగ్గేసింది. ఇంకెంత, నెల కూడా లేదు. కానుపయిన మర్నాడే చెంగయ్యను పిలుస్తాను.

అక్టోబరు 30

వాన. బడికి పిల్లలు రాలేదు.

నవంబరు 2

ఆడపిల్ల. ఏడ్చింది.

నేను వసారాలో నిలబడి విన్నాను. ఎస్తేరమ్మ బయటికి వచ్చి, "విన్నారా అయ్యోరా, గొంతు మీదే" అంది. నేను అక్కడే నేల మీద కూర్చుని పిల్లవాడిలా ఏడ్చాను. ఇంత సంతోషం నాకు ఉందని నాకే తెలీదు.

నవోమి అని పెట్టాం. కరుణ ముందే అనుకుని ఉంచిన పేరు.

నవంబరు 3

చెంగయ్య దగ్గరికి పోయి వచ్చాను. "ఇప్పుడు రా" అన్నాను. అతను ఆకాశం వైపు చూపించాడు. "ఈ వానలో గోడ పెరికితే మళ్ళీ ఎట్ట పూడ్చేది? మట్టి నిలవదు. నాలుగు దినాలు తెరిపియ్యనీండి, నేనే వస్తా." తల్లీబిడ్డల్ని హాల్లోకి మారుద్దామంటే అక్కడ పెంకు కారుతోంది. తూర్పు గదిలోనే మంచాన్ని లోపలి గోడకు జరిపాను.

నవంబరు 6

నవోమి నిద్రలో నవ్వుతోంది. గాలి గురించి రాయాలనిపించడం లేదు.

నవంబరు 9

తాడు ఇంకో రెండు చుట్లు బిగించాను.

నవంబరు 11

ఆదిశేషమ్మ మిద్దెలో కూర్చుని రాస్తున్నాను.

నిన్న తెల్లవారిన కాసేపటికి గాలి తూర్పు నుంచి తిన్నగా కొట్టడం మొదలైంది. నేను తాడు పట్టుకుని గోడకు కాళ్ళు తన్ని కూర్చున్నాను. తాడు తెగలేదు. మధ్య కిటికీయే ఊచలతో, చట్రంతో, కొంత గోడమట్టితో ఊడి మంచం కాళ్ళ దగ్గర పడింది. తల్లీబిడ్డలకు తగల్లేదు. దేవుడు కాపాడాడు అనుకున్నాను. ఆ సందులోంచి గాలి గదిలోకి దూరి పైకప్పును లోపలి నుంచి ఎత్తింది. పెంకులు వరసలు వరసలుగా లేచిపోయాయి. చెంగయ్య ఎప్పుడో అన్నాడు, ఇంట్లోకి గాలి దూరనంత వరకే పెంకు నిలుస్తుందని.

హాల్లోకి పరిగెత్తాం. కాసేపటికి హాలు మీద కూడా ఆకాశం కనపడింది. బయట పెంకులు ఎగురుతున్నాయి, కాలు పెట్టే వీలు లేదు. అక్కడున్న మంచాన్ని గోడకు ఏటవాలుగా ఆనించి చాపలు కప్పి దాని కింద దూరాం. కరుణ బిడ్డను రవికెలోకి దోపుకుని, మోకాళ్ళ మీద వంగి, వీపు మీద వానంతా పడనిచ్చింది. అయినా బిడ్డ తడిసింది. గుడ్డలన్నీ తడిసిపోయి మార్చడానికి పొడిగుడ్డ ఒక్కటి లేదు. మొదట ఏడ్చింది. మధ్యాహ్నానికి ఏడుపు ఆగిపోయింది. పడుకుందిలే అన్నాను.

సాయంత్రం గాలి తగ్గాక ఆదిశేషమ్మ గొడ్లచావిట్లోంచి అడ్డంగా వచ్చి, "మిద్దె ఉండాది గదా నాయనా, ముందే రాకూడదా" అని తిట్టి తీసుకుపోయింది. కుంపటి పెట్టింది. బిడ్డ పాదాలు వేడెక్కలేదు.

నవంబరు 12, ఆదివారం

బిడ్డ ఒళ్ళు కాలిపోతోంది. పాలు తాగడం లేదు. ఊపిరి తీస్తుంటే డొక్కలు లోపలికి పోతున్నాయి. ఎస్తేరమ్మ చూసి, రొమ్ము పట్టేసింది, నిమ్ము చేరింది, ఇంజెక్షన్లు పడాలి, నా చేతుల్లో లేదు అంది. బస్సు లేదు. రోడ్డు మీద వాగు పారుతోంది.

నవంబరు 14

నిన్న వాగు కాస్త తీయగానే బిడ్డను దుప్పట్లో చుట్టి బిట్రగుంటకు నడిచాను. రైలు ఎక్కితే నెల్లూరు చేరొచ్చు. ఎస్తేరమ్మ కూడా వచ్చింది. పచ్చి బాలింతను ఆ నీళ్ళలో ఎలా నడిపిస్తాం, కరుణను రావద్దన్నాం. మొలలోతు నీళ్ళలో బిడ్డను తల మీదికి ఎత్తుకున్నాను. రైలుకట్ట కనపడింది.

"ఇంక నడవొద్దు అయ్యోరా" అంది ఎస్తేరమ్మ.

నేను ఇంకా కొంత దూరం నడిచాను. ఆమె వచ్చి నా భుజం పట్టుకుంది.

తిరిగి వచ్చేసరికి కరుణ వాకిట్లో చేతులు చాపి నిలబడి ఉంది. పాలకు వేళయింది ఇవ్వండి అంది.

నవంబరు 15

నిన్న సాయంకాలం సమాధి చేశాం. క్రీస్తురాజు గుంట తవ్వాడు. నీళ్ళు ఊరుతుంటే చేటతో తోడి, ఇసుక పోసి, మళ్ళీ తవ్వాడు. నన్ను ఏమీ అడగలేదు. అడిగితే బాగుండునని అనిపించింది. అయ్యగారి ప్రార్థనలో ఒక్క ముక్క నా చెవికెక్కలేదు.

నవంబరు 17

ఎస్తేరమ్మ కరుణ రొమ్ములకు గుడ్డ బిగించి కట్టింది. పాలు ఆగడం లేదు.

నవంబరు 20

కప్పు కొంత వేసుకుని ఇంట్లోకి వచ్చాం. ఇవాళ వాన లేదు. చెంగయ్య సంచి భుజాన వేసుకుని వచ్చి, వసారాలో చెక్క తిరగేసి చూశాడు. చెక్కకు ఏమీ కాలేదట. ఆ మాట వినగానే నాకు కోపం తన్నుకొచ్చింది.

"ఇప్పుడెందుకు వచ్చావు? ఎవరి కోసం పెడతావు కిటికీలు? ఏదో ఒక రోజు వచ్చి పెట్టేసిపోయుంటే నా బిడ్డ బతికి ఉండేది."

అతను సంచి దించాడు.

"మీరే గదా అయ్యోరా కానుపయినాక అంటిరి. మీరొక్కరే అయితే నేనూ మరోసారి అడుగుదును. మీరొచ్చిపోయిన రెండు దినాలకు అమ్మ వచ్చింది. ఎండలో, ఆ కడుపుతో. సోమవారం రావద్దు చెంగయ్యా, కానుపు కానీ, మా ఆయనకు తెలిస్తే కోప్పడతాడు, చెప్పొద్దు అన్నింది. ఆయన కూడా ఇదే చెప్పినాడమ్మా అని నోటిదాకా వచ్చింది. మీరు చెప్పొద్దంటిరి. ఇద్దరూ ఒకటే మాట మీద ఉండారు, ఇంక నేను మధ్యలో ఎవరికి ఏం చెప్పేది?"

లోపల కరుణ మంచం కిర్రుమంది. నేను చెంగయ్యను చెయ్యి పట్టుకుని వీధిలోకి తీసుకుపోయాను.

"ఇకముందూ చెప్పొద్దు" అన్నాను.

"ఎవరి సంగతి?"

"నా సంగతి."

చెంగయ్య నా ముఖం వైపు చూసి, సంచి ఎత్తుకుని, రేపు పొద్దున్నే వస్తానని వెళ్ళిపోయాడు.

నవంబరు 22

పని జరుగుతోంది. రెండు కిటికీలు ఎత్తాడు. మూడోది రేపు.

మధ్యాహ్నం చెంగయ్య అన్నానికి పోయినప్పుడు కరుణ నన్ను పిలిచింది. కొత్త కిటికీ కింద నేల మీద కూర్చుని ఉంది. నన్నూ కూర్చోమంది.

"నేనొకటి చెప్పాలండీ. చెప్పకపోతే పిచ్చిదాన్నయిపోతా."

ఏం చెప్పబోతోందో నాకు తెలుసు. ఆపాలనిపించింది, ఆపలేదు.

"మీరు సోమవారం చెంగయ్యను రమ్మన్నారు గదా. నేను పోయి వద్దన్నా. మీరు బడికి పోయినాక పోయినా. ఆ పెరటి వాకిలి కొట్టించినప్పుడే పిల్లోడు పోయినాడని నా లోపల ఉండిపోయింది. ఎంత ప్రార్థన చేసుకున్నా పోలేదు. మీతో అందామంటే, క్రీస్తురాజు అన్నను ఆ రోజు మీరన్న మాటలు వింటిని. నన్నూ అట్టనే చూస్తారనుకున్నా. మీరు విశ్వాసం మీద నిలబడి చెయ్యబోయిన పని నేను చెడగొట్టినా. నా బిడ్డను నేనే చంపుకున్నా."

నా కాళ్ళు పట్టుకుంది. పట్టుకుని వదల్లేదు.

చెప్పాలని నోరు తెరిచాను. తెరిచిన మాట నిజం. నేనూ వద్దన్నాను కరుణా అనడానికి ఎంతసేపు పడుతుంది? కానీ ఆమె ఇప్పుడు చాలా నీరసంగా ఉంది. ఆనుకోవడానికి నేను తప్ప ఎవరూ లేరు. నేను కూడా అలాంటివాణ్ణే అని తెలిస్తే ఇంక దేన్ని పట్టుకుని బతుకుతుంది? ఈ స్థితిలో చెప్పడం క్రూరత్వం. ఒళ్ళు కుదుటపడ్డాక చెప్పొచ్చు.

"నన్ను క్షమిస్తారా?" అంది.

"క్షమించాను" అన్నాను.

"దేవుడు?"

ప్రార్థన చేద్దాం అన్నాను. ఇద్దరం మోకరించాం. నలుగురి మధ్య వచ్చే గొంతే వచ్చింది నాకు. నీ దాసురాలు అవిశ్వాసంతో చేసిన పాపాన్ని క్షమించు తండ్రీ అని ఆమె పేరు పెట్టి, ఆమె ఒక్కదాని పేరే పెట్టి, పైకి ప్రార్థించాను.

కరుణ ఆమేన్ అంది.